వెయ్యి రూపాయల లోపు కంప్రెషన్ టీషర్టు: నా అనుభవం

ఆగస్టులో హైదరాబాద్ మారథాన్ పరిగెత్తిన వారికి ఎండ కంటే ఉక్కపోతే ఎక్కువగా గుర్తుంటుంది. నెక్లెస్ రోడ్డు నుంచి గచ్చిబౌలి స్టేడియం వైపు ఫ్లైఓవర్లు ఎక్కి దిగుతుంటే ఒంటి మీది చెమట ఆరే వీలే ఉండదు. వదులుగా ఉండే మామూలు టీషర్టు పది కిలోమీటర్లు దాటేసరికి తడిసి బరువెక్కి, అడుగడుక్కీ ఛాతీ మీదా చంకల కిందా ఒరుసుకుంటుంది. హాఫ్ మారథాన్ ముగిసేసరికి నాకు చనుమొనల దగ్గర రక్తపు మరకలు, చంకల్లో పచ్చిపుండ్లు మిగిలేవి. వ్యాజిలిన్ రాసుకున్నా, కాసేపటికి చెమటతో పాటు అదీ జారిపోయేది. గోవాలో జరిగే ఐరన్‌మ్యాన్ 70.3కు, అంటే 1.9 కిలోమీటర్ల ఈత, 90 కిలోమీటర్ల సైకిల్, 21.1 కిలోమీటర్ల పరుగుకు సిద్ధపడాలని నిశ్చయించుకున్నాక, ఒంటికి అంటిపెట్టుకుని ఉండే కంప్రెషన్ టీషర్టు తక్కువ ధరలో వెతకడం మొదలుపెట్టాను.

పేరున్న విదేశీ బ్రాండ్ల ధరలు చూసి ముందే వెనక్కి తగ్గాను. వాటి అట్టల మీద రాసే మాటల్లో రక్తప్రసరణ, కండరాల శక్తి, వేగం అన్నీ ఉంటాయి. వైద్యులు సిఫారసు చేసే బిగుతు మేజోళ్ల మీద 15-20 లేదా 20-30 మిల్లీమీటర్ల పాదరసం అని పీడనం స్పష్టంగా ముద్రించి ఉంటుంది. నేను చూసిన టీషర్టుల్లో ఖరీదైన వాటి మీద కూడా అలాంటి అంకె కనిపించలేదు. పైగా ఒకే బిగుతున్న గుడ్డ సన్నని పిక్క మీద పెట్టినంత ఒత్తిడి వెడల్పైన ఛాతీ మీద పెట్టలేదు, ఎందుకంటే చుట్టుకొలత పెరిగేకొద్దీ ఒత్తిడి తగ్గుతుంది. అందువల్ల టీషర్టు నా వేగం పెంచుతుందన్న ఆశ వదులుకుని, ఒరుపు తగ్గాలి, తడి బరువు తగ్గాలి, చేతులు ఆడించడానికి అడ్డు ఉండకూడదు అని మూడే షరతులు పెట్టుకున్నాను. ఈ మూడింటికీ వేలు పోయనక్కర్లేదు.

ముందుగా గుడ్డ సంగతి. నూలు తన బరువులో దాదాపు 8 శాతం తేమను గాలి నుంచే పీల్చుకుంటుంది, నైలాన్ సుమారు 4 శాతం, పాలిస్టర్ అర శాతం కంటే తక్కువ. పాలిస్టర్ త్వరగా ఆరుతుంది గాని వాసన పట్టేస్తుంది; నైలాన్ మెత్తగా ఉండి రాపిడిని బాగా తట్టుకుంటుంది, ధర కాస్త ఎక్కువ. ఏది కొన్నా అందులో స్పాండెక్స్ ఉండాలి, సాగిన గుడ్డను తిరిగి యథాస్థితికి లాగేది అదే. నా పరిశీలనలో పదిహేను శాతానికి అటూ ఇటూ ఉన్నవి సరిపోయాయి. ఆన్‌లైన్‌లో ఒక విక్రేత స్పాండెక్స్ ఉందని రాసి పంపిన టీషర్టు లోపలి చీటీ మీద నూరు శాతం పాలిస్టర్ అని ఉంది. దాన్ని తిప్పి పంపి డబ్బు రాబట్టుకోవడానికి చాలా ఓపిక పట్టవలసి వచ్చింది. అప్పటి నుంచి చేత్తో తాకి చూడకుండా కొనడం మానేశాను.

అబిడ్స్‌లో క్రీడా సామగ్రి అమ్మే ఒక దుకాణంలో యజమాని నాకు తోచినంత సేపు పరీక్షించుకోనిచ్చాడు. గుడ్డను రెండు చేతులతో ఒకటిన్నర రెట్లు సాగదీసి వదిలితే వెంటనే యథాతథంగా ముడుచుకోవాలి. అలలు తేలినట్టు వదులుగా మిగిలితే అది రెండు నెలలు కూడా నిలవదు. నల్లటి గుడ్డను సాగదీసి వెలుతురుకు పట్టినప్పుడు తెల్లటి వెంట్రుకల్లాంటి పోగులు పైకి పొడుచుకు వస్తే లోపలి స్పాండెక్స్ అప్పటికే తెగుతోందన్నమాట. తరువాత టీషర్టును తిరగేసి, కుట్ల మీద ముంజేతి లోపలి చర్మాన్ని అటూ ఇటూ రుద్ది చూశాను. రెండు అంచులూ ఒకదాని పక్కన ఒకటి పరుచుకుని చదునుగా ఉండే ఫ్లాట్‌లాక్ కుట్టు అయితే వేలికి కూడా తగలదు. మామూలు ఓవర్‌లాక్ కుట్టు గట్టులా నిలబడి ఉంటుంది, ఇరవై కిలోమీటర్ల తరువాత చంకలో పుండు పడేది అక్కడే. చంక కింద నాలుగు కుట్లు ఒకే చోట కలిసే టీషర్టులను పక్కన పెట్టేసి, ఆ చోట వేరే ముక్క అతికి కుట్టిన వాటినే తీసుకున్నాను.

సైజు విషయంలో అక్షరాలను నమ్మలేదు, టేపుతో ఛాతీ కొలుచుకుని వెళ్లాను. ట్రయల్ రూమ్‌లో నిండుగా ఊపిరి పీల్చి, ఫ్రీస్టైల్ ఈతలో లాగా రెండు చేతులూ మార్చి మార్చి చాచాను. శ్వాస దగ్గర అడ్డుపడినా, అంచు నడుము దాటి బొడ్డు పైకి ఎగబాకినా ఆ సైజు పనికిరాదు. చివరికి నైలాన్, స్పాండెక్స్ కలిసిన సగం చేతుల టీషర్టు ఒకటి ఏడువందల చిల్లరకు, చేతుల్లేనిది ఇంకొకటి అంతకంటే తక్కువకు దొరికాయి. మామూలుగా మనం వెయ్యి అనే గీత గీసుకుంటాం గాని, 2025 సెప్టెంబరు 22 నుంచి 2,500 రూపాయల వరకు దుస్తులకు జీఎస్టీ 5 శాతమే కాబట్టి, వెయ్యి దాటితే పన్ను పెరుగుతుందన్న పాత లెక్క ఇప్పుడు వర్తించదు.

పరుగులో తేడా మొదటి ఆదివారమే తెలిసింది. చనుమొనల దగ్గర గుడ్డ కదలనే లేదు, చంకల్లో చిన్న ఎర్రదనం తప్ప పుండు పడలేదు. ఇంటికి వచ్చి ఆ టీషర్టునూ పాత నూలు టీషర్టునూ నీళ్లలో ముంచి, పిండి, వంటింటి కాటా మీద తూచాను. నూలుది పొడిగా ఉన్నప్పటి బరువుకు దాదాపు రెండింతలు తూగింది, దీని బరువులో పెరుగుదల స్వల్పమే. వేగం మాత్రం ఎప్పటిలాగే ఉంది.

అసలు ఇబ్బంది ఈత దగ్గర ఎదురైంది. నీళ్లలోంచి బయటికి వచ్చాక తడి ఒంటి మీదికి బిగుతు టీషర్టు లాగడం ఎంత కష్టమో కొలనులో సాధన చేస్తేనే అర్థమవుతుంది. అది భుజాల దగ్గర తాడులా మెలి తిరిగి ఇరుక్కుపోతుంది. దాన్ని ముందే కింది నుంచి మెడ దాకా చుట్టగా చుట్టి ఉంచుకుంటే కొంత తేలికైంది గాని, అంతకంటే చేతుల్లేని టీషర్టును ఈత నుంచే వేసుకోవడం నయమనిపించింది. ఈతలో ఏ దుస్తులకు అనుమతి ఉందో పోటీ నియమావళిలో చూసుకున్నాకే ఆ నిర్ణయానికి వచ్చాను. పోటీ మధ్యలో శక్తి కోసం తినే జెల్ ప్యాకెట్లకు ఇందులో జేబులు లేవు కనుక నంబరు తగిలించుకునే బెల్టుకే అవి పెట్టుకునే ఏర్పాటు చేసుకున్నాను.

ఉతకడంలో ఫాబ్రిక్ కండిషనర్ నిషిద్ధం. వేడినీళ్లు, ఇస్తిరి కూడా నిషిద్ధమే, ఎందుకంటే స్పాండెక్స్ వేడికి సాగే గుణం కోల్పోతుంది. కొలనులోని క్లోరిన్ కూడా దానికి పడదు కాబట్టి ఈదిన వెంటనే మంచినీళ్లలో జాడించి నీడలో ఆరేస్తాను. ఇన్ని జాగ్రత్తలు తీసుకున్నా చేతుల్లేని టీషర్టు అంచు ఈ మధ్య వదులైంది. దాన్ని కొలను సాధనకు వదిలేసి, పోటీ కోసం అదే దుకాణంలో అదే సైజులో ఇంకొకటి తెచ్చుకున్నాను.