అమ్మకు మట్టి వేయలేకపోయాను

జనవరిలో మా అమ్మ చనిపోయింది. రేపల్లె దగ్గర మా ఊళ్ళో, తెల్లవారుజామున, నిద్రలోనే. ఇక్కడ టెక్సాస్‌లో అప్పుడు సాయంత్రం, నేను పిల్లల లంచ్ బాక్సులు కడుగుతున్నాను. అన్నయ్య ఫోన్ చేసి "అమ్మ లేదురా" అన్నాడు, కాసేపు ఇద్దరం ఏమీ మాట్లాడలేదు, తర్వాత "ఐస్ బాక్స్ తెప్పించాం, మట్టి రేపు సాయంత్రం నాలుగింటికి అనుకుంటున్నాం, నువ్వు రాగలవా?" అన్నాడు. మా వైపు అంత్యక్రియలు అనే మాట పేపర్లోనే కనిపిస్తుంది. మనుషులు మాత్రం మట్టి అనే అంటారు. "ఎప్పుడు మట్టి?" "మట్టికి వెళ్ళొచ్చాం."

నేను వెళ్ళలేకపోయాను. గ్రీన్ కార్డు కాగితాలు మధ్యలో ఉన్నాయి, ఈలోపు దేశం దాటి తిరిగి రావడానికి ఇచ్చే అనుమతి, అడ్వాన్స్ పెరోల్, చేతికి రాలేదు, నా పరిస్థితిలో అది లేకుండా దేశం దాటితే పెట్టుకున్న అప్లికేషన్ వదులుకున్నట్టే. ఇలాంటివాళ్ళు మనలో ఎంతమంది ఉన్నారో నాకు తెలుసు కాబట్టి దీని గురించి ఎక్కువ చెప్పను.

మట్టి మేము టీవీలో చూశాం. అక్కడ నాలుగైతే ఇక్కడ తెల్లవారుజామున నాలుగున్నర. కానీ అంతకుముందే, అమ్మకు స్నానం చేయించి తెల్లచీర కట్టాక, వదిన వీడియో కాల్ చేసి ఫోన్ అమ్మ తల దగ్గర పెట్టింది. పిన్ని అమ్మ తలకు కొబ్బరినూనె రాసి జడ వేస్తోంది. ఒకచోట చిక్కు పడింది. పిన్ని ఆ పాయను కుదుళ్ళ దగ్గర వేళ్ళతో గట్టిగా పట్టుకుని, కింది నుంచి కొంచెం కొంచెంగా దువ్వింది. చిన్నప్పుడు బడికి వెళ్ళేముందు నాకు నొప్పి పుట్టకుండా అమ్మ అలాగే దువ్వేది. చనిపోయిన మనిషికి నొప్పి తెలియదని పిన్నికి తెలియదా? తెలుసు. అయినా అలాగే పట్టుకుంది.

మా పెద్దవాడికి పదిహేనేళ్ళు, ఇక్కడి చర్చిలో యూత్ గ్రూపుకి వెళ్తాడు, బైబిల్ నాకంటే ఎక్కువ చదువుతాడు. వారం తర్వాత కార్లో వస్తుంటే అడిగాడు. "అమ్మమ్మ యేసయ్య దగ్గరికి వెళ్ళిపోయింది కదా, మరి మూడోరోజు ప్రార్థన, పదకొండో రోజు కూడిక, అంతమందికి భోజనాలు, ఇవన్నీ ఎవరి కోసం? చనిపోయినవాళ్ళను చనిపోయినవాళ్ళే పాతిపెట్టుకుంటారు, నువ్వు నా వెంట రా అని యేసే అన్నాడు కదా?" వాడు ఎగతాళిగా అడగలేదు. నిజంగా తెలుసుకోవాలని అడిగాడు. నాకు మాత్రం ఒళ్ళు మండింది, "నోరు మూసుకుని కూర్చో" అన్నాను. ఆ మాట అనకుండా ఉండాల్సింది. పిల్లలు ఇలాంటివి అడిగేది ఒక్కసారే, కసిరితే రెండోసారి అడగరు.

వాడి ప్రశ్నలో తప్పు లేదు. మాది లూథరన్ కుటుంబం, అంటే ప్రొటెస్టెంట్లం. 1842లో అమెరికా లూథరన్ మిషనరీ ఫాదర్ హయ్యర్ గుంటూరు వచ్చి మొదలుపెట్టిన మిషన్ నుంచి వచ్చినవాళ్ళం, నాలుగైదు తరాలుగా. చనిపోయినవాళ్ళ కోసం ప్రార్థన చేయకూడదనే చిన్నప్పటి నుంచి విన్నాం. పాస్టరు గారు సమాధి దగ్గర దేవునికి కృతజ్ఞత చెప్తారు, కుటుంబానికి ఆదరణ ఇమ్మని అడుగుతారు, పోయినవాళ్ళ కోసం ఏమీ అడగరు. అదే ఫిరంగిపురంలో ఉన్న మా క్యాథలిక్ బంధువులైతే ఉత్తరించు స్థలంలో, అంటే పరలోకానికి వెళ్ళేముందు శుద్ధి అయ్యే చోట, ఉన్న ఆత్మలకు ప్రార్థన సాయపడుతుందని నమ్మి చర్చిలో పూజ (మాస్) చెప్పిస్తారు, నవంబరు 2న సమాధుల దగ్గర కొవ్వొత్తులు వెలిగిస్తారు. చిన్నప్పుడు మేము వాళ్ళను చూసి, పాపం, తెలియక చేస్తున్నారు అనుకునేవాళ్ళం. ఇప్పుడు అమ్మ పోయాక కూర్చుని చదివితే, మా లూథరన్ విశ్వాస పత్రాల్లోనే, 1531 నాటి దాంట్లో, చనిపోయినవాళ్ళ కోసం చేసే ప్రార్థనను మేము నిషేధించం అని రాసి ఉంది. నలభై మూడేళ్ళు వచ్చినా ఈ ముక్క నాకు ఎవరూ చెప్పలేదు.

చాలామంది ఒక మాట అంటారు, నన్ను ఓదార్చడానికి వచ్చినవాళ్ళూ అన్నారు. "ఇవన్నీ బతికున్నవాళ్ళ కోసమేనండి, పోయినవాళ్ళకు ఏం తెలుస్తుంది." పదహారు వందల ఏళ్ళ కిందట ఆఫ్రికాలో బిషప్పుగా ఉన్న అగస్టీన్ కూడా ఇంచుమించు ఇదే చెప్పాడు, సమాధి ఆర్భాటాలు చనిపోయినవాళ్ళకు సాయం కాదు, బతికున్నవాళ్ళకు ఊరట అని. కానీ ఆయనే, నాన్న ఉంగరాన్నో బట్టనో పిల్లలు ఎంత అపురూపంగా చూసుకుంటారో, దానికంటే ఎంతో దగ్గరిదైన ఆ శరీరాన్ని ఎలా పారేస్తాం అని కూడా అన్నాడు. నాకు రెండో మాటే ఎక్కువ పట్టింది. ఎందుకంటే ఊరటే కావాలంటే నాకు లోటు లేదు. ఇక్కడి తెలుగువాళ్ళు పది రోజులు మా ఇంట్లో పొయ్యి వెలిగించనివ్వలేదు, చర్చివాళ్ళు వచ్చారు, ఆఫీసులో సెలవిచ్చారు. ఇంత ఊరట దొరికాక కూడా నాకు మిగిలింది దుఃఖం ఒక్కటే కాదు, చేయాల్సిన పని చేయలేదన్న బాధ. అమ్మకు నేను ఒక పని బాకీ. ఆ పని నా కోసం కాదు, అమ్మ కోసం.

పెద్దవాడికి చివరికి ఇదే చెప్పాను. యేసును సమాధిలో పెట్టాక ఆదివారం తెల్లవారుజామున ఆ ఆడవాళ్ళు సుగంధ ద్రవ్యాలు పట్టుకుని ఎందుకు వెళ్ళారు? ఆయన లేస్తాడని వెళ్ళలేదు. దేహానికి చేయాల్సింది మిగిలిపోయిందని వెళ్ళారు. శుక్రవారం పొద్దుపోయింది, పని చేయకూడని సబ్బాతు వచ్చింది, పని సగంలో ఆగింది. దాని వల్ల ఆయనకేం లాభం అని వాళ్ళు లెక్క వేసుకోలేదు. వాడు కాసేపు ఆలోచించి, "అయితే వాళ్ళు వెళ్ళింది దండగే కదా, అక్కడ బాడీ లేదుగా" అన్నాడు. లేదు. కానీ ఆయన లేచాడన్న కబురు మొదట తెలిసింది వాళ్ళకే కదరా అన్నాను. ఒప్పుకున్నాడో లేదో తెలియదు.

చిన్నదానికి తొమ్మిదేళ్ళు. దానిది వేరే గొడవ. పోయినేడు మా వీధిలో ఒక పెద్దావిడ చనిపోతే పిల్లలను తీసుకుని వెళ్ళాం. అంతా పద్ధతిగా ఉంది, గుంట చుట్టూ తవ్విన మట్టి కనబడకుండా ఆకుపచ్చ తివాచీ కప్పారు, పాస్టరు ప్రార్థన చేశారు, అందరూ పెట్టె మీద పువ్వులు పెట్టి, పెట్టె ఇంకా పైన ఉండగానే కార్లెక్కి భోజనాలకు వెళ్ళారు. "మట్టి ఎవరు వేస్తారు?" అని ఇది దారి పొడవునా అడుగుతూనే ఉంది. పనివాళ్ళు వేస్తారమ్మా అన్నాను. అమ్మ మట్టి చూసిన రోజు టీవీలో అన్నయ్య మొదటి పిడికెడు వేసి, తర్వాత ఊరంతా వరసగా వేసి, కుర్రాళ్ళు పారలు అందుకుని పూర్తిగా పూడ్చేదాకా ఎవరూ కదలకపోవడం చూసి, "అందరూ ఉన్నారు" అంది. అది పడుకునే ముందు ప్రార్థనలో "అమ్మమ్మను బాగా చూసుకో" అని చెప్తుంది. పెద్దవాడు సరిదిద్దబోతే నేను వద్దన్నాను.

మా పక్కింటాయన ఏటా వాళ్ళ నాన్నగారి తద్దినం పెడతారు. ఆఫీసుకి సెలవు పెట్టి, గుడి నుంచి పంతులు గారిని పిలిపించుకుని, పిండాలు పెట్టి, మధ్యాహ్నం దాకా ఏమీ తినరు. ఆ నమ్మకం మాది కాదు. కానీ పదకొండేళ్ళుగా ఆ రోజు తప్పలేదు. మా పిల్లలు మన దగ్గర ఇలాంటిది లేదా అని అడిగితే, ఈస్టర్ తెల్లవారుజామున మనూళ్ళో అందరూ సమాధుల తోటకు వెళ్తారు కదా, అది మనది అన్నాను. వాళ్ళు అది ఎన్నడూ చూడలేదు.

మేలో పెరోల్ వచ్చింది, జూన్‌లో వెళ్ళాం. సమాధి మీద మట్టి కుంగింది, ఒకవైపు గడ్డి మొలిచింది. అన్నయ్య సున్నంలో కాస్త నీలిమందు కలిపి తెచ్చాడు, నాన్న సమాధికి ముందే వేసేశాడు, అమ్మ సమాధి చుట్టూ కట్టిన ఇటుకలకు వేయమని కుంచె నాకిచ్చాడు. నేను రెండు వైపులే వేయగలిగాను, తర్వాత కూర్చుండిపోయాను. మిగిలిన రెండు వైపులూ పిల్లలు వేశారు. పెద్దవాడు చొక్కా నిండా సున్నం చేసుకున్నాడు. ప్రార్థన చేద్దాం అని అన్నయ్య అంటే కళ్ళు మూసుకున్నాడు, ఏమనుకున్నాడో అడగలేదు. నేను పిడికెడు మట్టి తీసి వేశాను. అయిదు నెలలు ఆలస్యంగా.

తిరిగి వచ్చాక చిన్నది అడిగింది, "మమ్మీ, నువ్వు చనిపోతే ఎక్కడ?" అని. అగస్టీన్ వాళ్ళమ్మ మోనికా గుర్తొచ్చింది. ఆఫ్రికాలో భర్త పక్కన సమాధి కావాలని ముందే చోటు సిద్ధం చేసుకున్న మనిషి, 387లో ఇటలీలో ఓస్టియా రేవులో జబ్బుపడి, ఈ శరీరాన్ని ఎక్కడైనా పెట్టండి, ప్రభువు బల్ల దగ్గర నన్ను తలుచుకుంటే చాలు అంది. నేనింకా అంతదూరం రాలేదు. నాకు అమ్మ పక్కనే ఉండాలని ఉంది. మా ఆయన ఇక్కడే ఒక శ్మశానంలో రెండు చోట్లు అడిగి వచ్చారు, అక్కడ గడ్డి కోసే మిషన్‌కు అడ్డం రాకుండా నేలకు సమంగా పలక మాత్రమే పెట్టనిస్తారట.

"మరి సున్నం ఎక్కడ వేస్తాం?" అంది చిన్నది.