ఫ్రీజర్‌లో రాళ్లు, రాళ్లలో లాంప్రే పిల్లలు

చికాగో దగ్గర ఒక ల్యాబ్‌లో నా ఉద్యోగం ఏమిటంటే రాళ్లను నీళ్లలో నానబెట్టి ఫ్రీజర్‌లో పెట్టడం, తీసి బయట ఉంచడం, మళ్లీ పెట్టడం, అవి పగిలేదాకా. ఇక్కడి మేజన్ క్రీక్ అనే శిలాజాల చోట దొరికే గుండ్రాళ్లు సుత్తితో కొడితే ఎలా పడితే అలా విరుగుతాయి, లోపల గడ్డకట్టిన నీరు తోస్తే మాత్రం చాలాసార్లు శిలాజం ఉన్న పొర దగ్గరే విచ్చుకుంటాయి. ఫోన్‌లో అన్నయ్య "దీనికి కూడా జీతమిస్తారట్రా?" అంటాడు. ఇస్తారు, అద్దె కట్టుకునేంత.

బీఎస్సీ జువాలజీ చదివినవాళ్లకు ఆమోసీట్ లార్వా గుర్తుండే ఉంటుంది. పాములా పొడవుగా ఉండే లాంప్రే అనే చేప పిల్ల అది. కళ్లు సరిగా కనపడవు, పళ్లుండవు, ఏటి అడుగున బురదలో ఏళ్ల తరబడి దాక్కుని నీటిని వడకట్టుకుని తింటుంది, ఆ తర్వాతే రూపం మార్చుకుని దవడల్లేని, కొన్ని జాతుల్లో రక్తం పీల్చే పెద్ద లాంప్రే అవుతుంది. వెన్నెముక జీవుల తొలి పూర్వీకులు దాదాపు ఇలాగే ఉండేవని పరీక్షలో రాసి మార్కులు తెచ్చుకున్న బ్యాచ్ మాది.

2021లో వచ్చిన ఒక పరిశోధనా పత్రంతో ఆ జవాబుకు గట్టి దెబ్బే తగిలింది. దక్షిణాఫ్రికాలో మఖాండా ఊరి దగ్గర, వాటర్లూ ఫామ్ అనే చోట, రోడ్డు కోసం కొండ తవ్వితే బయటపడ్డ నల్లరాతి పొరల్లో 36 కోట్ల ఏళ్ల నాటి ప్రిస్కోమైజాన్ అనే లాంప్రే దొరికింది, పెద్దది ఒక్కటే కాదు, గుడ్డులోంచి అప్పుడే వచ్చిన పిల్ల నుంచి పెద్దదాకా వరుసగా. అన్నిటికంటే చిన్నది ఒకటిన్నర సెంటీమీటరు కూడా ఉండదు, పొట్ట కింద సొనసంచి ఇంకా ఉంది, అయినా పెద్ద కళ్లు, పళ్లున్న పీల్చే నోరు అప్పటికే వచ్చేశాయి. సొనసంచే కరగలేదంటే అంతకుముందు ఆమోసీట్ దశ గడిచిపోయిందనడానికి చోటెక్కడిది? మేజన్ క్రీక్‌లోని పాతకాలపు లాంప్రేలు మాయోమైజాన్, పిపిషియస్ పిల్లలదీ, మోంటానాలో దొరికిన హార్డిస్టియెల్లాదీ ఇదే కథ, అందుకే ఇది ఒక్కచోటి వింత అని కొట్టిపారేయలేం.

అంటే ఆ బురద బతుకు పూర్వీకుల ఆస్తి కాదు, లాంప్రేలు తర్వాతెప్పుడో, బహుశా నదుల్లోకి చేరాక, అలవరచుకున్నది.

ఇక్కడ గ్రేట్ లేక్స్ అనే పెద్ద సరస్సుల వాళ్లకు లాంప్రే అంటే ఒళ్లుమంట, చేపల పరిశ్రమను ముంచేసింది మరి. 1950ల చివరి నుంచి వాగుల్లో, నదుల్లో టీఎఫ్ఎం అనే మందు కలిపి చంపుతున్నది కూడా ఈ లార్వాలనే, ఏళ్ల తరబడి ఒకేచోట దొరికే దశ అదే కాబట్టి. మరి పూర్వీకుల స్థానంలో ఆమోసీట్ బదులు ఎవరిని పెట్టాలంటే, 2021 పత్రం రాసిన పరిశోధకులు ఎముక కవచమున్న ఆస్ట్రకోడెర్మ్‌లనే పాతకాలపు చేపల వైపు చూపిస్తున్నారు. నాకు మాత్రం అవి మరీ ముస్తాబైన పూర్వీకుల్లా అనిపిస్తాయి, అంత సులువుగా ఒప్పుకోబుద్ధి కాదు.