తాతయ్య క్యాసెట్లు: 1987 నాటి బి సైడు

తాతయ్య పాత క్యాసెట్లను కంప్యూటర్లోకి ఎక్కిస్తున్నాను. 1987 నాటి క్యాసెట్టు బి సైడులో పందొమ్మిదో నిమిషం దగ్గర మొదలయ్యే సన్నటి జుమ్మనే శబ్దం ఏమిటో ఎట్టకేలకు తేలింది. టేపు లోపం కాదు, నా డెక్‌లో హమ్ కాదు, కేబుల్ గోల అంతకన్నా కాదు. తాతయ్య ఇంటి వసారాలో ట్యూబ్‌లైటు చోకు! దానికి సరిగ్గా ముందు లోపలి నుంచి అమ్మమ్మ "కరెంటొచ్చింది" అనడం కూడా వినిపిస్తుంది. రెండింటికీ ముడి పడగానే కుర్చీలోంచి లేచి నిలబడ్డాను. ఇన్నాళ్ళూ మొరాయిస్తున్న క్యాసెట్టు అసలు వేగం పట్టుకోవడానికి ఒక కొత్త ఆధారం దొరికింది. పని పూర్తి కాలేదు కానీ, కొలతలు తాజాగా ఉండగానే రాసి పెట్టుకుంటున్నాను.

మిగతావి దాదాపు అయిపోయాయి. హరిశ్చంద్రుడి కాటి సీను పద్యాలు శుభ్రంగా వచ్చాయి, మావయ్య పెళ్ళి కచేరీ కూడా. టీడీకే డి క్యాసెట్లు ఇన్నేళ్ళ తర్వాత కూడా చెక్కు చెదరలేదు. తాతయ్య ప్రతి రూపాయీ లెక్క చూసుకునే మనిషి, ఖాళీ క్యాసెట్ల దగ్గర మాత్రం మంచిదే కొనేవాడు. ఆ పట్టుదల వల్లే ఇవాళ మాకు ఇవన్నీ మిగిలాయి.

ఇక ఈ క్యాసెట్టు సంగతి. 1984లో పెళ్ళయ్యాక అమ్మ భిలాయ్ వెళ్ళిపోయింది, నాన్న అక్కడ స్టీల్ ప్లాంటులో పనిచేసేవారు. తెనాలి దగ్గర మా అమ్మమ్మ వాళ్ళ ఊళ్ళో అప్పటికి ఫోన్ ఉన్న ఇల్లు లేదు. ఉత్తరంలో గొంతు వినపడదని తాతయ్య క్యాసెట్లు పంపడం మొదలుపెట్టాడు. ఎ సైడు అమ్మ మాట్లాడి పంపేది, బి సైడు తాతయ్య మాట్లాడి పంపేవాడు. ఒకే క్యాసెట్టు అటూ ఇటూ రిజిస్టర్డ్ పార్సెల్‌లో తిరిగేది. కొత్తది రికార్డు చేస్తే పాతది చెరిగిపోతుంది కాబట్టి, చివరి జవాబు మాత్రమే మిగిలింది. అదీ ఇది. అమ్మ మాట్లాడిన ఎ సైడు ఒక్కసారి ప్లే చేయగానే అయిపోయింది. బి సైడే పెద్ద తలనొప్పి.

మామూలుగా ప్లే చేస్తే తాతయ్య ఇరవై ఏళ్ళ కుర్రాడిలా వినిపిస్తాడు, పోను పోను ఇంకా సన్నబడతాడు. మొదటి ముక్క పంపితే అమ్మ అన్న మాట: "ఇది నాన్న గొంతు కాదురా, మీ చిన్నమావయ్యలా ఉంది." ఆ రోజు కరెంటు లేదు, టేప్ రికార్డర్ నాలుగు పెద్ద సెల్లుల మీద నడిచింది. ఇలాంటి వాటిలో మోటారుకు గవర్నర్ ఉంటుంది. సెల్లులు కాస్త దిగినా వేగాన్ని పట్టి ఉంచుతుంది, మరీ పడిపోయాక చేతులెత్తేస్తుంది. సెకనుకు 4.76 సెంటీమీటర్లు నడవాల్సిన టేపు నెమ్మదిగా నడిచింది. నెమ్మదిగా రికార్డయినదాన్ని సరైన వేగంతో ప్లే చేస్తే గొంతు పైకి పోతుంది.

ఎంత పైకి పోయిందో చెప్పగలిగేది ఆయన హార్మనీ పెట్టె. అదింకా పెద్దమావయ్య ఇంట్లో అటక మీద పదిలంగా ఉంది. తాతయ్యది రెండున్నర శ్రుతి, అంటే ఆయన షడ్జం (స) పలికేది ఆ మెట్టు మీద. పుస్తకం ప్రకారం ఆ మెట్టు 311.1 హెర్ట్జ్ ఉండాలి, ఆ పెట్టెలో ఇవాళ 313.4 పలుకుతోంది. తిత్తి గట్టిగా నొక్కితే కొద్దిగా దిగుతుంది కాబట్టి మెల్లగా, ఒకే ఒత్తిడితో కొలిచాను. రీడు మీద చిలుము, దుమ్ము పేరుకుంటే స్వరం దిగుతుంది. అందుకని 1987లో ఇంకొంచెం పైన ఉండి ఉండొచ్చు. కానీ అదే రికార్డర్‌తో కరెంటు మీద చేసిన ఇంకో క్యాసెట్టులో అదే మెట్టు 314.1 వచ్చింది. నాలుగు సెంట్ల తేడా, అంతే; హార్మనీలో పక్కపక్క మెట్ల మధ్య దూరం నూరు సెంట్లు. (నా పాత యామహా డెక్ 3150 హెర్ట్జ్ టెస్ట్ టోన్‌ను 3156గా చూపిస్తోంది. ఆ మూడు సెంట్లు ముందే తీసేశాను.)

ఇప్పుడు బి సైడులో అదే షడ్జం ఎక్కడ ఎంత ఉందో చూడండి. 0:40 దగ్గర 331.0. 11:50 దగ్గర 341.2. 12:05 దగ్గర 335.6. 19:30 దగ్గర 345.1. 27:20 దగ్గర 351.8. మొదట్లో ఒక మెట్టు, చివరికి రెండు మెట్లు ఎక్కింది. అంటే టేపు 4.51తో మొదలై 4.24 సెంటీమీటర్లకు పడిపోయింది.

11:50కీ 12:05కీ మధ్య వెనక్కి తగ్గడం గమనించారా? నన్ను అన్నిటికన్నా ఎక్కువ సతాయించింది అదే. మొదటి నుంచి చివరి దాకా ఒకే వాలుగా సరిచేస్తే, 12:05 దగ్గర శ్రుతి ఇరవై రెండు సెంట్లు కిందికి జారుతోంది. పద్యం ఎత్తుకునే చోటే అపశ్రుతి! కారణం ఆ పదిహేను సెకన్లలోనే ఉంది. టక్కుమని ఒక శబ్దం, అంటే తాతయ్య స్టాప్ నొక్కాడు. మళ్ళీ మొదలుపెట్టగానే "మీ అమ్మ చెప్పమంటోంది..." అంటాడు. ఇంకేం చెప్పాలో అమ్మమ్మను అడగడానికి లోపలికి వెళ్ళి వచ్చాడన్నమాట. ఆ కాసేపు విశ్రాంతికి సెల్లులు కాస్త తేరుకున్నాయి, మోటారు వేగం అందుకుంది. మామూలు జింక్-కార్బన్ సెల్లుల గుణమే అది. బి సైడులో అలాంటి టక్కులు చాలా ఉన్నాయి, ప్రతి టక్కుకూ ఒక గెంతు. వాలు కాదిది, రంపం పళ్ళు.

అందుకని ఆడాసిటీ అనే ఆడియో సాఫ్ట్‌వేర్‌లో, వేగాన్ని ఎక్కడికక్కడ మార్చే టైమ్ ట్రాక్ పెట్టి, ప్రతి టక్కు దగ్గరా పక్కపక్కనే రెండు పాయింట్లు వేస్తున్నాను. 94.7 శాతంతో మొదలై 91.9 దాకా దిగి, టక్కు దగ్గర ఒక్కసారిగా 93.4కు ఎక్కి, మళ్ళీ దిగుతూ చివరికి 89.1. హార్మనీ మోగుతున్న చోటల్లా ఇది బ్రహ్మాండంగా కుదిరింది. మాటలు మాత్రమే ఉన్నచోట కొలవడానికి ఏమీ లేదు. పద్యాలు తక్కువ, మాటలే ఎక్కువ ఉన్న ఉత్తరం ఇది.

రికార్డర్ లోపలి మోటారు గరగర మైకులో పడింది కదా, దాన్ని కొలుద్దామని చూశాను. ఎక్కడ కొలిచినా ఒకే సంఖ్య! ఆలోచిస్తే అంతే కదా మరి. మోటారు నెమ్మదిస్తే దాని శబ్దమూ దిగుతుంది, టేపూ అంతే నెమ్మదిస్తుంది, ప్లే చేసినప్పుడు రెండూ కొట్టేసుకుంటాయి. మోటారు శబ్దంతో టేపు వేగం కట్టవచ్చని ఎవరైనా అంటే నమ్మకండి. కావాల్సింది ఆ రికార్డర్‌తో సంబంధం లేని శబ్దం.

అలాంటిది చోకు. 50 హెర్ట్జ్ కరెంటుకు చోకు 100 దగ్గర జుమ్మంటుంది. ఆ రికార్డర్లు లెవెల్‌ను వాటంతటవే సర్దుకుంటాయి, మాట ఆగగానే గది లోపలి చిన్న శబ్దాలను కూడా పైకి లాగుతాయి. అందుకే తాతయ్య ఆగిన చోటల్లా చోకు దొరుకుతుంది. ఆయన ఆగేది నాలుగైదు సెకన్లు. ఫైలును సెకనుకు 4000 శాంపిల్స్‌కు దించి, స్పెక్ట్రం సైజు 16384 పెడితే ఒక్కో గడి 0.24 హెర్ట్జ్ వస్తుంది. చోకు శబ్దానికి మూడు రెట్ల దగ్గర ఉండే మూడో హార్మోనిక్‌ను కొలిచి మూడుతో భాగిస్తే ఇంకా నికరం.

19:30 దగ్గర చోకు 107.1 వచ్చింది. హార్మనీ ప్రకారం అక్కడ వేగం తేడా 1.101 రెట్లు, చోకు ప్రకారం 1.071 రెట్లు. దాదాపు అర మెట్టు తేడా. రెండిట్లో ఏది అబద్ధం? రెండూ నిజమే. అబద్ధం ఆ 50 హెర్ట్జ్. ఆ రోజుల్లో గ్రిడ్ మీద లోడు ఎక్కువై ఫ్రీక్వెన్సీ 50 కన్నా బాగా కింద నడవడం మామూలే. మన దక్షిణాది గ్రిడ్‌లో ఏబీటీ (గ్రిడ్ ఫ్రీక్వెన్సీని బట్టి కరెంటు ధర మారే పద్ధతి) వచ్చిన 2003 దాకా అదే పరిస్థితి. 107.1ని 1.101తో భాగిస్తే 97.3, అందులో సగం 48.6. ఎండాకాలం సాయంత్రం, అప్పుడే వచ్చిన కరెంటు... నూటికి నూరుపాళ్ళూ నమ్మదగ్గ సంఖ్య. అందుకని వేగం ఎంతో హార్మనీని అడుగుతున్నాను, మధ్యలో ఎలా మారిందో చోకును అడుగుతున్నాను. 19వ నిమిషం నుంచి చివరి దాకా ఇప్పుడు సరిగ్గా ఉంది. అమ్మకు పంపాను. "ఆ... ఇదీ నాన్న" అని ఒక్క మాట అంది. ఆ తర్వాత ఫోన్ నాన్నకు ఇచ్చేసింది.

గొంతు సరైన వేగానికి వచ్చాకే నాకు ఇంకో విషయం అర్థమైంది. తాతయ్య మాట్లాడేటప్పుడూ పద్యం పాడేటప్పుడూ ఒక్కలాగే ఊపిరి తీసుకుంటాడు, పదం ఎక్కడా తెగనివ్వడు. 1948లో విజయవాడ రేడియో మొదలైనప్పుడు ఆయనకు పద్దెనిమిదేళ్ళు. పక్కింటి రేడియో దగ్గర కూర్చుని పద్యాలు నోటుబుక్కులో రాసుకునేవాడట. రంగస్థల నటుడు పీసపాటి నరసింహమూర్తి గారి కృష్ణుడంటే ప్రాణం. తానూ కృష్ణుడి వేషం కట్టేవాడు. జనం వన్స్‌మోర్ అంటే మళ్ళీ పాడేవాడు గానీ, రాగం మాత్రం సాగదీసేవాడు కాదు. "పద్యం వినిపించాలి, రాగం దాన్ని మోయాలి" అనేవాడు. తెల్లవార్లూ నాటకం ఆడి, మొదటి బస్సుకు దిగి, మొహాన వేషానికి పూసిన అర్దళం పూర్తిగా పోకముందే ఎలిమెంటరీ స్కూల్లో గంట కొట్టించేవాడు. అమ్మ మొదటి కాన్పుకు వచ్చిన ఏడు, వచ్చిన నాటకాలన్నీ వదిలేసుకున్నాడు. ట్రూపు వాళ్ళు ఎంత బతిమాలినా "మా పిల్ల ఇంటికొచ్చింది" అన్నాడట. నాయిస్ రిడక్షన్ నేను వాడకపోవడానికి ఆ ఊపిరే కారణం. హిస్‌తో (టేపు సన్నటి బుసతో) పాటు దాన్నీ కొరికేస్తుంది. హిస్ ఉంటే ఉండనీ. అలాగే, క్యాసెట్టు పెట్టగానే ఎంపీ3 చేసిచ్చే చవక ప్లేయర్లు వద్దు. ఊగుతున్నది రికార్డింగా, ప్లేయరా అన్నది వాటితో ఎప్పటికీ తేలదు.

ఇప్పుడు మిగిలింది 12:05 నుంచి 19 దాకా. హార్మనీ లేదు, కరెంటు లేదు. అమ్మకు అన్నిటికన్నా కావాల్సిందీ ఆ భాగమే. గేదె ఈనిన సంగతి, మామిడికాయలు ఎవరితో పంపాలా అన్న బెంగ, "నువ్వు ఏడుస్తూ మాట్లాడావు, మీ అమ్మ గమనించలేదు, నేను గమనించాను" అన్న మాట అందులోనే ఉన్నాయి. ప్రస్తుతానికి రెండు కొసల మధ్య అంచనాగా గీత గీసి పెట్టాను. వినడానికి బాగానే ఉంది, నాకు మాత్రం తృప్తిగా లేదు.

ఒక ఆశ ఉంది. రెండు కిలోహెర్ట్జ్ కింద ఉన్నదంతా తీసేసి హెడ్‌ఫోన్స్‌తో వింటే, 14వ నిమిషం దగ్గర టిక్కు టిక్కుమని ఏదో లీలగా వినిపిస్తోంది. అది హాల్లోని గోడ గడియారమే అయితే, హార్మనీకన్నా గట్టి ఆధారం అదే. రోజుకు ఐదు నిమిషాలు తప్పు నడిచే గడియారం కూడా ఆరు సెంట్లకు మించి తేడా రానివ్వదు. పెద్దమావయ్యకు ఫోన్ చేసి, గడియారానికి కీ ఇచ్చి నిమిషానికి ఎన్ని టిక్కులో లెక్కపెట్టి చెప్పమన్నాను. ఆయనేమో పనిలో పనిగా హార్మనీని తెనాలిలో రిపేరు చేసేవాళ్ళకిచ్చి శ్రుతి చేయిస్తానంటున్నాడు. వచ్చే నెల నేనొచ్చి అన్ని మెట్లూ కొలిచి రాసుకునేదాకా ఆ పెట్టెను ఎవరికీ ఇవ్వొద్దని గట్టిగా చెప్పాను.