ఎండోకార్డైటిస్ ప్రొఫైలాక్సిస్: డోసు చివర్లో చదవండి

డెంటల్ పీజీ ఎంట్రన్స్‌కి చదివేవాళ్లలో చాలామంది ఈ టాపిక్‌ని (గుండె లోపలి పొరకు, వాల్వులకు ఇన్ఫెక్షన్ రాకుండా పళ్ల పనికి ముందే యాంటీబయాటిక్ ఇవ్వడం) "అమాక్సిసిలిన్ 2 గ్రాములు, గంట ముందు" అనే ఒక్క ముక్కతో ముగించేస్తారు. డోసు నేరుగా అడిగితే ఎవరైనా రాసేస్తారు. నేను రాసిన మాక్ టెస్టుల్లో మెలిక అంతా అసలు ఇవ్వాలా, వద్దా అన్న దగ్గరే ఉండేది. అందుకే వరుస మార్చాను: ముందు పేషెంట్ గుండె, తర్వాత మనం చేసే పని, ఆఖర్న మందు.

మందు ఎవరికి ఇవ్వాలన్న జాబితాను 2007లో అమెరికన్ హార్ట్ అసోసియేషన్ బాగా కుదించింది. కృత్రిమ వాల్వ్ ఉన్నవాళ్లు, ఇదివరకే ఎండోకార్డైటిస్ వచ్చినవాళ్లు, గుండె మార్పిడి తర్వాత వాల్వ్ జబ్బు వచ్చినవాళ్లు, కొన్ని పుట్టుకతో వచ్చే గుండె లోపాలు. మైట్రల్ వాల్వ్ ప్రొలాప్స్ (వాల్వ్ వెనక్కి ఉబ్బడం), రుమాటిక్ గుండె జబ్బు, స్టెంట్, పేస్‌మేకర్ ఇందులో లేవు. సీనియర్ల జిరాక్స్ నోట్సులో రుమాటిక్ ఇంకా కనిపిస్తుంది, కొట్టేయండి. పుట్టుకతో వచ్చే లోపాల దగ్గర మాత్రం కాస్త ఆగండి. ఆపరేషన్ కాని సయనోటిక్ లోపమైతే (ఒళ్లు నీలంగా మారే రకం) ఇవ్వాలి. కృత్రిమ పదార్థంతో పూర్తిగా సరిచేస్తే మొదటి 6 నెలలే ఇవ్వాలి. ఆ కృత్రిమ ప్యాచ్ దగ్గర లీకు మిగిలితే ఆ 6 నెలల గడువు లేదు, తర్వాతా ఇవ్వాలి. ఆపరేషన్ అయిన పిల్లాడి కేసు ఇస్తే ముందు ఎన్ని నెలలైందో చూడండి.

ఎందుకు కుదించారో తెలిస్తే బట్టీ పట్టే పని తగ్గుతుంది. పళ్లు తోమినా, అన్నం నమిలినా బ్యాక్టీరియా రక్తంలోకి వెళ్తూనే ఉంటుంది. రోజూ జరిగేదాన్ని ఒక్క డోసు ఆపలేదు, నోటి శుభ్రతే ఎక్కువ కాపాడుతుంది.

ఇక మనం చేసే పని. చిగురునీ, పంటి వేరు కొన చుట్టుపక్కలనీ కదిలించినా, నోటి పొరను చీల్చినా మందు అవసరం. ఎక్స్‌రే, ఇన్ఫెక్షన్ లేని చోట మత్తు ఇంజెక్షన్, బ్రాకెట్లు అతికించడం, పాలపళ్లు ఊడటం వీటికి అక్కర్లేదు.

ఇక మందు. 30 నుంచి 60 నిమిషాల ముందు అమాక్సిసిలిన్ ఒక్క డోసు: పెద్దలకు 2 గ్రాములు, పిల్లలకు కిలోకు 50 మిల్లీగ్రాములు. పెన్సిలిన్ (అమాక్సిసిలిన్ కూడా ఈ తరగతిదే) పడకపోతే సెఫలెక్సిన్ 2 గ్రాములు, అజిత్రోమైసిన్ 500 మిల్లీగ్రాములు లేదా డాక్సీసైక్లిన్ 100 మిల్లీగ్రాములు. ఆ అలర్జీ అనఫిలాక్సిస్ (ప్రాణం మీదికి తెచ్చే రియాక్షన్), యాంజియోఎడిమా (పెదాలు, ముఖం లాంటి చోట్ల వాపు), దద్దుర్ల రూపంలో వచ్చి ఉంటే సెఫలెక్సిన్ వద్దు. పాత పుస్తకాల్లోని క్లిండమైసిన్‌ని 2021లో తీసేశారు. ఆప్షన్లలో అది ఇంకా ఊరిస్తూనే ఉంటుంది.

ముందుగా ఇవ్వడం మరిచిపోతే పని అయ్యాక 2 గంటల లోపు ఇవ్వొచ్చు. పేషెంట్ అప్పటికే వేరే కారణంతో అమాక్సిసిలిన్ వాడుతుంటే డోసు పెంచడం జవాబు కాదు, వేరే తరగతి మందు ఎంచుకోవాలి.