డయాలసిస్ టెక్నాలజీ చదువుతున్నాను

ఎంబీబీఎస్ సీటు రాలేదా అని బంధువులు ఇప్పటికీ అడుగుతూనే ఉన్నారు. నేను ఇక్కడే హైదరాబాద్‌లో ఒక ప్రైవేటు విశ్వవిద్యాలయంలో బీఎస్సీ డయాలసిస్ టెక్నాలజీ, అంటే కిడ్నీలు పాడైనవారి రక్తాన్ని యంత్రంతో శుభ్రం చేసే చదువు, చదువుతున్నాను. ఫీజు కోసం నాన్న చీటీ పాడారు, ఆ బరువు నాకు తెలుసు. అయినా ఈ చదువును ఇష్టపడే ఎంచుకున్నాను.

ఆసుపత్రి శిక్షణలో ముందు నేర్పింది యంత్రం గురించి కాదు. రోగి చేతి మీద ఫిస్టులా దగ్గర వేళ్లు ఆనించి చూడమన్నారు. ధమనినీ సిరనూ కలిపిన ఆ చోట చర్మం కింద సన్నటి అదురు తెలుస్తుంది. తెలియకపోతే సూది గుచ్చకూడదు, వెంటనే డాక్టరుకు చెప్పాలి. ఆ తర్వాత నీళ్ల సంగతి. నీటితో తయారయ్యే డయాలసిస్ ద్రవం నిమిషానికి 500 మిల్లీలీటర్ల చొప్పున నడిస్తే నాలుగు గంటలకు 120 లీటర్లు! క్రిములను చంపడానికి కలిపే క్లోరమిన్ ఆ నీటిలో మిగిలిపోతే రోగి ఎర్ర రక్తకణాలు చితికిపోతాయి. అందుకే షిఫ్టు మొదలయ్యే ముందే నీటి పరీక్ష.

వారానికి మూడుసార్లు వచ్చే ఒక పెద్దాయన, "మెల్లగా అమ్మా, ఈ చేయి ఇంకా చాలా ఏళ్లు పనికి రావాలి" అంటారు. ఆ మాట విన్నాక ఎవరైనా తొందరపడగలరా?

2021లో అనుబంధ ఆరోగ్య వృత్తులకు జాతీయ కమిషన్ చట్టం వచ్చింది. మా వృత్తికీ రిజిస్టరు ఉండాలని అందులో ఉంది, ఎంతో సంతోషం. ఈ కోర్సుల్లో చేరబోయే తమ్ముళ్లూ చెల్లెళ్లూ, ఫీజు కట్టే ముందు తప్పకుండా అడగండి: శిక్షణ ఏ ఆసుపత్రిలో ఇస్తారు, అక్కడ రోజూ ఎంతమంది రోగులు వస్తారు?