గోడౌన్‌లో చీకటి కన్ను

బాబాయి కిరాణా గోడౌన్‌లో సిగరెట్ బండిళ్లు మాయమవుతున్నాయి. అనుమానం పనికుర్రాడి మీద. "ఎవరికీ కనపడని కెమెరా ఒకటి చూడరా" అన్నాడు.

మొదట కొన్నది చొక్కా గుండీ అంత. డబ్బా మీద 4కె, నైట్ విజన్ అని గొప్పలు. లైటు ఆర్పితే స్క్రీన్ నిండా బొగ్గుపొడి! సూదిబెజ్జం లెన్సులోంచి వెలుగు ఎంత దూరుతుంది చెప్పండి? చీకట్లో పని చేసేది పిక్సెళ్ల లెక్క కాదు, సెన్సర్ (వెలుగుని పట్టే చిప్పు) సైజు, లెన్స్ ఎఫ్ నంబరు, అంటే వెలుగు దూరే రంధ్రం కొలత. ఎఫ్ నంబరు తగ్గేకొద్దీ వెలుగు ఎక్కువ.

రెండోది ఇన్‌ఫ్రారెడ్ వెలుగు చిమ్మి చీకట్లో చూసేది. ఆ వెలుగు తరంగం పొడవు 850 నానోమీటర్లట, చీకట్లో ఎర్రగా మినుకుమంటోంది, దొంగకి దీపం పెట్టినట్టు. 940ది కంటికి కనపడదు గానీ అంత దూరం పోదు. పైగా గోడగడియారం అద్దం వెనక పెట్టానేమో, ఆ వెలుగే తిరిగొచ్చి బొమ్మంతా తెల్లగా కొట్టుకుపోయింది.

చివరికి కాస్త పెద్ద సెన్సర్, 1/2.8 అంగుళాలది, ఉన్నది తెచ్చి అటక మీద అట్టపెట్టెలో దాచాం. ఇన్‌ఫ్రారెడ్ ఆపేసి, మూల జీరో బల్బు వదిలేశాం. బల్బు ఖర్చు ఇరవై రూపాయలు, అసలు పని చేసింది అదే. అన్నట్టు, పనివాళ్లు బట్టలు మార్చుకునే మూల ఫ్రేములోకి రాకుండా తిప్పి పెట్టా. అలాంటివి తీయడం నేరం కూడా.

మూడో రాత్రి పదకొండున్నరకి తలుపు తెరుచుకుంది. మొహం కదిలి మసకే, కానీ ఆ కుంటుతున్న నడక మాకు తెలుసు. మొన్న బైక్ మీంచి పడ్డ మా తమ్ముడిది.

బాబాయి ఫోన్ నాకిచ్చేసి, పనికుర్రాడికి టీ తెమ్మని కేకేశాడు. రెండు టీలు. ఒకటి వాడికేనట.