షూబర్ట్ 23వ కీర్తన: శ్రుతి జారకుండా పాడాలంటే

ఆస్ట్రియా సంగీతకర్త షూబర్ట్ 1820 డిసెంబరులో బైబిల్ 23వ కీర్తనకు కట్టిన పాట (ఆయన రచనల జాబితాలో డి 706) నోట్లు చూస్తే ఒక్క పూటలో నేర్పేయొచ్చు అనిపిస్తుంది. ఎ ఫ్లాట్ మేజర్ స్కేలు, నిదానమైన నడక, మెత్తటి ధ్వని. క్వయర్ శ్రుతి దిగజారేది సరిగ్గా ఇలాంటి పాటల్లోనే.

వియన్నాలో పాట నేర్పే ఆనా ఫ్రోలిష్ శిష్యురాళ్ల కోసం రాసింది కనుక నాలుగు పార్టులూ ఆడగొంతులవే: రెండు సొప్రానో (పైగొంతు), రెండు ఆల్టో (కింది గొంతు), తోడు పియానో. మాటలు లూథర్ బైబిల్లోవి కావు, మోసెస్ మెండెల్సన్ జర్మన్ అనువాదం (సంగీతకర్త ఫెలిక్స్‌కు ఈయన తాత). లూథర్ పాఠం 'డేర్ హెర్ ఇస్ట్ మైన్ హిర్టె' అని ఆరు అక్షరాలతో మొదలవుతుంది. ఇక్కడ 'గోట్ ఇస్ట్ మైన్ హిర్ట్', నాలుగే. లూథర్ పాఠం ఈ స్వరాల మీద కూర్చోదు.

పదహారు మంది ఉంటే నాలుగేసి మందిగా పంచొద్దు. మొదటి సొప్రానోకు ముగ్గురు చాలు, రెండో ఆల్టోకు ఐదుగురు కావాలి. పైగొంతు తక్కువ మందితోనూ వినిపిస్తుంది, కింది గొంతు పియానో మోతలో కలిసిపోతుంది.

అడాజియో (నిదానంగా) అని ఉంది కదా అని బీటు బీటుకీ ఆగకూడదు. పాటను నడిపేది పియానోలోని ట్రిప్లెట్లు, అంటే రెండు నోట్ల కాలంలో సమానంగా పడే మూడేసి నోట్లు. ముందు రాగం లేకుండా, ఆ ట్రిప్లెట్ల మీద మాటలు మాత్రమే లయలో పలికించండి. గొంతులో రెండు నోట్లు, పియానోలో మూడు పడే చోట్లు అప్పుడే బయటపడతాయి. 'హిర్ట్' చివరి 'ట్' అందరూ ఒకే ట్రిప్లెట్ మీద వదలాలి, లేకపోతే చినుకులు రాలినట్టు టపటపలాడుతుంది.

శ్రుతి సంగతి కాస్త వివరంగా చెప్పాలి. పియానో లేకుండా సాధన చేసే క్వయర్, మేజర్ కార్డులోని మూడో స్వరాన్ని పియానో స్వరం కన్నా సుమారు 14 సెంట్లు (అర్ధస్వరంలో నూరో వంతు ఒక సెంటు) కిందే పెడుతుంది. చెవికి అది హాయిగానే ఉంటుంది. పియానో చేరగానే అదే 'సి' (ఎ ఫ్లాట్ కార్డులో మూడో స్వరం) తగ్గినట్టు వినిపిస్తుంది. అందుకే మొదటి రోజు నుంచే పియానోతో పాడించాలి. పంక్తి చివర మాత్రం పియానో ఆపి, ఆ కార్డును నిలబెట్టించి, మళ్లీ మీటి సరిచూడాలి.

గాఢాంధకారపు లోయ దగ్గర స్వరసమ్మేళనం మసకబారుతుంది. అక్కడ గొంతు పెంచాలని అందరికీ అనిపిస్తుంది. పెంచొద్దు. 'ఓనె ఫుర్ఖ్ట్', అంటే భయం లేకుండా, అన్న మాట వెంటనే వస్తోంది. ఇక్కడ జాగ్రత్త పడాల్సింది అర్ధస్వరం (పియానోలో పక్కపక్క మెట్ల మధ్య దూరం) కిందికి దిగేటప్పుడు: అడుగు పెద్దది వేస్తే పార్టు మొత్తం కిందికి జారుతుంది, మళ్లీ మేజర్ వెలుగు వచ్చినప్పుడు అందుకోవడం కష్టం. అలాంటి చోట పెదాలు మూసి, హమ్ చేస్తూ ఒక్కో పార్టునూ విడిగా దింపించండి. నాలుగూ కుదిరాకే మాటలు కలపాలి.